జానెడు తెల్లగుడ్డ

మొన్న కరీంనగర్‌లో ఒక బట్టల దుకాణంలో లైనింగు గుడ్డ కోసం నిలబడి ఉన్నాను. దుకాణంలో మనిషి నా ముందున్నవాళ్ల కోసం తెల్ల థాను విప్పి, మీటరు కర్రతో కొలిచి, అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చింపాడు. నూలు బట్ట చిరిగే చప్పుడు సిరిసిల్లలో పుట్టినవాళ్లకు కొత్తేమీ కాదు. కానీ ఆ చప్పుడు వెంట కోరా బట్ట గంజి వాసన వచ్చింది. తలుపు సందులోంచి పడుతున్న ఎండలో సన్నటి నూగు లేచి ఆడింది. నేను ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయాను. "మేడం, మీకేం కావాలె?" అని అతను రెండుసార్లు అడిగాడట. నాకు మాత్రం శకుంతల టీచర్ తన బల్ల ముందు నిలబడి, కొత్త గుడ్డను జానెడు జానెడు ముక్కలుగా చింపుతూ కనిపిస్తున్నారు.

ఆమెను మీరెవరూ చూసి ఉండరు. పేపర్లో ఫొటో పడ్డ మనిషి కాదు, అవార్డులు అందుకున్న మనిషి కాదు. చెన్నూరులో పుట్టి, ఊరూరా బదిలీల మీద తిరిగి, చివరికి సిరిసిల్లలో ఒక సర్కారు బడికి సైన్సు టీచరుగా వచ్చారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఎడమ చేత్తో రాసేవారు కాబట్టి గడియారం కుడి చేతికి ఉండేది. నేను డిగ్రీ అయిపోయిన ఏడాది ఆ బడిలోనే విద్యా వాలంటీరుగా చేరాను. మొదటి రోజు నన్ను కింది నుంచి పైదాకా చూసి, "సైన్సు చేసుడు వస్తదా?" అని అడిగారు. చెప్పడం వచ్చు అన్నాను. "చెప్పుడు కాదు బిడ్డా, చేసుడు." నేను నీళ్లు నమిలాను. "రాదని చెప్పుటానికి గంత సేపా? రాదంటే నేర్పుత. వస్తదని అబద్ధం చెప్తే మాత్రం నేర్ప." అప్పుడు నాకు కోపం వచ్చింది. ఇంటికి పోయి అవ్వతో, అంటే మా అమ్మతో, ఆమెను నాలుగు మాటలు అన్నాను కూడా.

గుడ్డల కథ ఒక పేపరు ముక్కతో మొదలైంది. ప్రపంచంలో ఏ పట్నం గాలి ఎంత చెడిపోయిందో వరుసగా వేసిన జాబితా అది. టీచర్ దాన్ని తరగతిలో చదివి వినిపించారు. ఢిల్లీ పేరు వచ్చినప్పుడు పిల్లలు నవ్వారు, పరాయి దేశాల పేర్లు వచ్చినప్పుడు నోరు తిరగక నవ్వారు. చివరి బెంచీలో ఒక అమ్మాయి లేచి, "మన సిరిసిల్ల ఎన్నో నంబరు టీచర్?" అంది. టీచర్ పేపరు మళ్లీ పైనుంచి కిందికి చూశారు. "మనది లేదు," అన్నారు. "లేదంటే మంచిగున్నట్టా?" అంది ఆ పిల్ల. టీచర్ పేపరు మడిచి సంచిలో పెట్టుకున్నారు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో టీ చల్లారిపోయినా ముట్టకుండా కూర్చున్నారు. "స్వరూపా, పెద్ద పట్నాల్లో గాలిని కొలిచే మిషన్లు ఉంటయి. మనకు మిషన్ ఎవ్వలు ఇస్తరు? కానీ మనకాడ గుడ్డ ఉంది కదనే," అన్నారు. మరునాడే థాను వచ్చింది.

పద్ధతి చాలా సులువు. జానెడు తెల్లగుడ్డను కిటికీ బయట, మనిషి తలెత్తున, రోడ్డు వైపుకు కట్టాలి. ఏడు రోజులు ఉంచాలి. తర్వాత విప్పి కవరులో పెట్టి తేవాలి. సిరిసిల్లకు మిషన్లు లేకపోయినా లోకమంతా మనుషులు ఉన్నారు. మా దగ్గర ఎవరు ఏ ఎడారి దేశానికి పోయినా "దుబాయి పోయిండు" అనే అంటాం గానీ, లెక్క తీస్తే మస్కట్‌లో ఉన్నవాళ్లు, దోహాలో ఉన్నవాళ్లు, రియాద్‌లో ఉన్నవాళ్లు వాడకు ఇద్దరు తేలారు. భీవండి, షోలాపూర్, సూరత్ సాంచాల మీద పనికి పోయినవాళ్లకైతే కొదవే లేదు. సాంచా అంటే మా దగ్గర మరమగ్గం. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తున్న ప్రతి మనిషి ఇంటికీ టీచర్ స్వయంగా వెళ్లి ఒక గుడ్డ చేతిలో పెట్టేవారు. పచ్చళ్ల సీసాల మధ్య, కారప్పొడి పొట్లాల మధ్య ఆ గుడ్డ ముక్క విమానం ఎక్కేది. తిరిగొచ్చిన గుడ్డల మీద ఊరు, తేదీ రాసి అతికించడం నా పని.

ఆ పనిలో మొదటి దెబ్బ, దుబాయికి గుడ్డ తీసుకుపోయిన మల్లేశం భార్య లచ్చవ్వ కొట్టింది. మల్లేశం దుబాయి నుంచి వచ్చిన మూడో రోజు ఆమె గుడ్డను తీసుకుని బడికి వచ్చింది. మల్లెపువ్వులా తెల్లగా ఉంది, పైగా మడత నలగలేదు. టీచర్ ముఖం వెలిగిపోయింది. "ఎంత మంచి గాలి ఉన్నదే అక్కడ," అన్నారు. లచ్చవ్వ సిగ్గుపడింది. "మస్తు మురికిగుండె టీచరమ్మా. గట్ల మీ చేతికిస్తే ఏం మంచిగుంటది? సబ్బు పెట్టి ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చిన," అంది. నేను నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను. టీచర్ నవ్వలేదు. ఆమెను కూర్చోబెట్టి టీ ఇచ్చి, గుడ్డ ఎందుకు కట్టమన్నారో మొదటి నుంచి వివరించి పంపారు. తర్వాత నాతో, "తప్పు ఆమెది కాదు. అడగని తప్పు నాది," అన్నారు. ఆ రోజు నుంచి గుడ్డ తెచ్చిన ప్రతివాళ్లనూ మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎన్ని రోజులు కట్టిన్రు? వాన పడ్డదా? ఉతికిన్రా, దులిపిన్రా? జవాబులు విన్నాకే నన్ను రాయమనేవారు. ఎంత తెలిసినవాళ్లయినా సరే, హెడ్మాస్టరు అల్లుడైనా సరే, ఆ మూడూ చెప్పాల్సిందే.

ఏడాది తిరిగేసరికి సైన్సు గదిలో ఒక పెద్ద అట్ట మీద ఇరవై దాకా ఊళ్లు వరుసకట్టాయి. పైన తెల్లనివి, కిందికి వచ్చేకొద్దీ మాసినవి. గోదావరిఖని గుడ్డ బొగ్గు తుడిచినట్టు ఉండేది. ఢిల్లీది బూడిద రంగు. దుబాయి నుంచి రెండోసారి వచ్చిన గుడ్డ ఇసుక రంగులో ఉండేది, ముట్టుకుంటే గరగరలాడేది. మస్కట్‌ది కాస్త నయం. భీవండి గుడ్డకు నూనె జిడ్డు. అడవి గాలి ఎట్లుంటుందో చూద్దామని ఉట్నూరులో పనిచేసే ఒక సారుకు గుడ్డ పంపితే ఇటుక రంగులో తిరిగొచ్చింది. టీచర్ తల పట్టుకున్నారు. "చెట్ల నడుమ కట్టుమంటే జీపుల అడ్డ కాడ కట్టినట్టున్నడు మహానుభావుడు," అన్నారు. పిల్లలు మాత్రం ఉట్నూరు కన్నా మస్కట్ మంచిదని గొప్పగా చెప్పుకుంటూ తిరిగారు. అప్పుడే ఆమె నాతో ఒక మాట అన్నారు. ఊరికీ ఊరికీ పోటీ పెట్టేముందు గుడ్డ ఎక్కడ కట్టారో చూడాలట. ఒకే ఊళ్లో గుడి మెట్ల మీద కడితే ఒక గాలి, బస్టాండులో కడితే ఇంకో గాలి. ఊరంతటికీ కలిపి ఒక్క నంబరు వేస్తే అది ఎవరి ముక్కుకూ సరిపోదు.

ఇక మా నాన్న, మా బాపు సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్లకు పైగా సాంచాల మీద పనిచేసిన మనిషి. ఆ రోజుల్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. పొద్దున లేస్తూనే మొదలై, పని మీదికి పోయేదాకా వదిలేది కాదు. ఆర్‌ఎంపీ డాక్టరు చెవికి గొట్టం పెట్టుకుని విని, "ఏదన్న గాలి మంచిగున్న కాడ పని చూసుకో రాజయ్యా," అన్నాడు. సరిగ్గా అప్పుడే మా మేనమామ ధర్మపురిలో ఒక సత్రానికి కాపలా మనిషి కావాలని కబురు పంపాడు. గోదావరి ఒడ్డు, రెండు గదుల ఇల్లు, పని తక్కువ, జీతమూ తక్కువే. అవ్వ పోదామంది. బాపు ఎటూ తేల్చలేదు. సాంచా పని తప్ప ఇంకో పని తెలియదు, పైగా పుట్టిన వాడ. "మన గాలి మంచిగ లేదని ఎవ్వలు చెప్పిన్రు? మీ టీచరమ్మ లోకమంత కొలుస్తుంది గదా, మా కార్ఖాన కూడ కొలువమను. ఆమె ఏమంటే అదే చేస్త," అన్నాడు. తమాషాకు అన్నాడేమో అనుకున్నాను. కాదు, నిజంగానే అన్నాడు. చదువుకున్నవాళ్ల మాట మీద మా బాపుకు అంత గురి.

నేను మరునాడే ఒక గుడ్డ తీసుకుపోయి బాపు పనిచేసే కార్ఖానాలో కట్టాను. ఆయన నడిపే సాంచాల నడుమ ఉన్న ఇనుప స్తంభానికి, ఆయన తలెత్తున. ఏడు రోజులు అయ్యాక సాయంత్రం వెళ్లి విప్పాను. సాంచాల మోతలో మాట వినిపించదు కాబట్టి బాపు దూరం నుంచే చెయ్యి ఊపాడు. గుమ్మం దగ్గరికి వచ్చి, గుడ్డను రెండుసార్లు గట్టిగా దులిపి, నాలుగు మడతలు వేసి కవరులో పెట్టుకున్నాను. దులిపానన్న సంగతి నాకు గుర్తు కూడా లేదు. నేతగాళ్ల ఇళ్లలో ఏ బట్టనైనా దులపకుండా మడత పెట్టరు. కూర్చోబోతే చాప దులుపుతాం, తినబోతే తువాలు దులుపుతాం. బాపు ఇంటికి వస్తే అవ్వ వాకిట్లోనే నిలబెట్టి ఆయన అంగీ దులిపేది. నేను ఆయన తలలోంచి, కనుబొమ్మల మీంచి నూగు ఏరేదాన్ని. దాన్ని మేము దుమ్ము అని ఎప్పుడూ అనలేదు. దుమ్మంటే రోడ్డు మీద లేచేది, నల్లగానో ఎర్రగానో ఉండేది. ఇది దూది. మాకు అన్నం పెట్టేది.

గుడ్డ చూసి టీచర్ కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. మచ్చలేని తెలుపు. "ఏడు దినాలు ఉంచినవా?" అంటే ఉంచానన్నాను. వాన ప్రశ్న కార్ఖానా లోపల ఎలాగూ లేదు. మూడో ప్రశ్న ఆమె అడగలేదు. అడగవలసిన మనిషిని కాదు కదా నేను, రోజూ పక్కన నిలబడి ఆ ప్రశ్నలు రాసుకునేదాన్ని. మస్కట్ గుడ్డ పైన, అన్నింటికన్నా పైన, నేనే నా చేతులతో ఆ గుడ్డ అతికించాను. కింద సిరిసిల్ల, సాంచాల కార్ఖానా అని రాశాను. నాకు ఆ రోజు ఎంత సంతోషమైందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. ఇంటికి పోయి బాపుకు చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుంటున్నవాడు ఆగిపోయాడు. "దుబాయి కన్న మాదే నయమా?" అన్నాడు. దుబాయి కన్నా, ఢిల్లీ కన్నా అన్నాను. మరుసటి ఆదివారం నాతో బడికి వచ్చి, అట్ట ముందు నిలబడి, తన గుడ్డను చూసుకుని పోయాడు. ధర్మపురికి రానని కబురు పంపాడు. పనిలో ముక్కుకు కట్టుకునే రుమాలు కూడా తీసి జేబులో పెట్టుకున్నాడు. ఉక్కపోతలో ఆ రుమాలు ఎవరికైనా బాధే. టీచరమ్మ చెప్పింది కదా అని పక్క సాంచా మీద పనిచేసేవాడు కూడా తీసేశాడు.

అట్లా ఏడాది గడిచింది. దగ్గు తగ్గలేదు. దగ్గు బీడీల వల్ల అన్నాడు డాక్టరు, బాపు బీడీలు మానేశాడు, అయినా తగ్గలేదు. ఆ చలికాలం జిల్లా సైన్సు ప్రదర్శనకు మా అట్టను తీసుకుపోవాలని నిర్ణయమైంది. టీచర్‌కు ఒక ఆలోచన వచ్చింది. అన్నింటికన్నా మంచి గాలి పీల్చే మనిషిని కూడా వెంట తీసుకుపోయి అట్ట పక్కన నిలబెడదామన్నారు. బాపుకు ఒక రోజు సెలవు ఇప్పించమని యజమాని సేటును అడగడానికి నాతోపాటు కార్ఖానాకు వచ్చారు. సిరిసిల్లకు వచ్చి అన్నేళ్లయినా ఆమె కార్ఖానా లోపలికి అడుగుపెట్టడం అదే మొదటిసారి. ఆ రోజు ముదురు వంగపండు రంగు చీర కట్టుకున్నారు. లోపల కిటికీలన్నీ మూసి ఉన్నాయి. గాలి తగిలితే పోగులు తెగుతాయి కాబట్టి ఫ్యాన్లు ఉండవు. సేటు ఫోనులో ఉన్నాడు, అరగంట నిలబడ్డాం. ఆమె చెవుల దగ్గర చేతులు పెట్టుకుని సాంచాలను, వాటి మధ్య అటూ ఇటూ నడుస్తున్న బాపును చూస్తూ ఉండిపోయారు. సేటు సరేనన్నాడు. బయటికి వచ్చాం.

వాకిట్లో ఎండ ఉంది. నేను అలవాటుగా కొంగు దులుపుకుని ముందుకు నడిచాను. వెనక అడుగుల చప్పుడు లేకపోతే తిరిగి చూశాను. టీచర్ కదలకుండా నిలబడి తన చీరను చూసుకుంటున్నారు. భుజం మీద, కొంగు మీద, కుచ్చిళ్ల మీద ఆ వంగపండు రంగు కనిపించకుండా తెల్లటి నూగు పరుచుకుంది. వేలితో భుజం మీద గీత గీశారు. రంగు బయటపడింది. వేలును ఎండలోకి ఎత్తి చూశారు. "ఇదేందే స్వరూపా?" అన్నారు. "దూది టీచర్. దులుపుకుంటే పోతది," అన్నాను. ఆమె దులుపుకోలేదు. "తెల్లగుడ్డ మీద తెల్లది ఎట్ల కనపడుతదే," అన్నారు చాలా మెల్లగా. ఆ పెద్ద గొంతు అంత చిన్నగా పలకగలదని నాకు తెలియదు. అప్పుడు నాకు అర్థమైంది. గుమ్మం దగ్గర ఆ సాయంత్రం నా చేతులు ఏం చేశాయో కూడా గుర్తొచ్చింది. దులపకపోయి ఉంటే కనీసం మడతల్లో ఇంత నూగు కనిపించేది. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

ఆమె ఇంటికి పోలేదు. ఆ చీరతోనే, బజారులో జనం చూస్తుండగా, మా ఇంటికి నడిచారు. బాపు పని దిగి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నారు, అవ్వ ఇచ్చిన నీళ్లు కూడా తాగలేదు. బాపు వస్తూనే ఆమెను చూసి కంగారుపడి చెప్పులు విడిచాడు. ఆమె లేచి నిలబడ్డారు. "రాజయ్యా, నేను నీకు తప్పు చెప్పిన. మీ కార్ఖాన గాలి మంచిది కాదు. నా పట్టికల ఉన్న ఊర్లన్నిట్ల నీ ఒక్కని ముక్కు కాడ ఉన్న గాలే అధ్వానం. నాకు కొలుచుడు రాలే. రాకున్న వచ్చిందనుకున్న," అన్నారు. బాపు ఆమె చీర వంక చూశాడు, నా వంక చూశాడు. "మీరేం చేస్తరు టీచరమ్మా, గుడ్డ గట్ల చెప్పింది," అన్నాడు. "గుడ్డ చెప్పలే. నేను చెప్పిన," అన్నారు ఆమె. "ధర్మపురి పని ఇంక ఉన్నదేమో అడుగు. రేపటి సంది రుమాలు కట్టుకో. ఇగో, గీ చీర చూడు. నేను అరగంట సేపు ఉన్న." నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. నేను దులిపాను బాపూ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆమె తప్పంతా తన నెత్తిన వేసుకుంటుంటే వేసుకోనిచ్చాను.

ప్రదర్శన రోజు ఉదయం ఆమె ఆ గుడ్డను అట్ట మీద పైనుంచి తీసి, అన్నింటికన్నా కింద, బొగ్గు రంగు గుడ్డకు కూడా కింద అతికించారు. మచ్చలేని తెల్లగుడ్డ అట్టడుగున. ఊరి పేరు కింద తన ఎడమ చేత్తో రాశారు: దీన్ని కొలవడం మాకు రాలేదు. చూడ్డానికి వచ్చిన ఒక పెద్దాయన, "వరుస తప్పింది మేడం, ఇది పైన ఉండాలి," అన్నాడు. "మొన్నటిదాక పైననే ఉండె సార్, అదే మా తప్పు," అని ఆమె జరిగిందంతా పొద్దంతా, వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పారు. మాకు బహుమతి రాలేదు. బహుమతి ఇచ్చేవాళ్లకు తప్పుల అట్ట ఎందుకు? బస్సులో తిరిగి వస్తుంటే నేను ఏడ్చాను. బహుమతి రాలేదని ఏడుస్తున్నాననుకుని ఆమె నా చేతిలో రెండు పల్లీ పట్టీలు పెట్టారు.

ధర్మపురి పనిలో అప్పటికే ఇంకొకరు కుదిరారు. బాపు ఇంకో రెండేళ్లు సాంచాల మీదే ఉన్నాడు, రుమాలు కట్టుకునే. తర్వాత నాకు పక్కా ఉద్యోగం వచ్చింది, ఆయనను పని మాన్పించాను. అప్పటికి నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఇంకో నాలుగేళ్లు బతికాడు. రుమాలు లేకుండా గడిపిన ఆ ఒక్క ఏడాది ఎంత చెరుపు చేసిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఇరవై ఏళ్ల దూదిలో ఆ ఏడాది వాటా ఎంతని నేను ఇప్పటికీ లెక్క వేసుకుంటూనే ఉంటాను. టీచర్ మాత్రం ఆ ప్రదర్శన తర్వాత ప్రతి శనివారం బడి వదిలాక ఏదో ఒక కార్ఖానాకు పోయేవారు. తెల్లగుడ్డ బదులు నల్లగుడ్డ కట్టేవారు. ఒక్క పూట ఉంచి, తెల్లటి నూగు పట్టిన ఆ గుడ్డను సేట్ల బల్ల మీద పరిచి, మాట్లాడకుండా కూర్చునేవారు. కొందరు తరిమేశారు. కొందరు గోడకు పైన వెంటిలేటర్లు పెట్టించారు. బాపు పోయిన రోజు ఆమె వచ్చి, అవ్వ పక్కన కింద కూర్చుని, సాయంత్రందాకా అక్కడే ఉన్నారు.

రిటైరయ్యాక ఆమె చెన్నూరు వెళ్లిపోయారు. మూడేళ్ల కింద ఒంట్లో బాగాలేదని తెలిసి చూడ్డానికి వెళ్లాను. మంచంలో ఉన్నారు, గొంతు తగ్గింది, చూపు తగ్గలేదు. మామూలు మాటలు అయ్యాక నేను తల వంచుకుని చెప్పేశాను. ఆ గుడ్డను నేను దులిపాను టీచర్ అన్నాను. అన్నేళ్లు దాచుకున్న మాటకు అంతకన్నా పెద్ద వాక్యం దొరకలేదు. ఆమె నా వైపు ఒత్తిగిలారు. "నాకు ఎరుకే," అన్నారు. "ఆనాడు వాకిట్ల నువ్వు కొంగు దులుపుకున్నప్పుడే సమజైంది." మరి ఎందుకు అడగలేదన్నాను. "ఎట్ల అడుగుత? లచ్చవ్వను అడిగిన, హెడ్మాస్టరు అల్లున్ని అడిగిన. నిన్ను అడుగలే. నా మనిషివని ఇడిసిపెట్టిన. అడుగుడు నా పని బిడ్డా, దులుపుడు నీ అలవాటు." బాపుకు చెప్పలేదు టీచర్ అన్నాను. దానికి ఆమె ఓదార్పు మాట ఏదీ చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని, "చెప్పాల్సింది," అన్నారు. అంతే. వచ్చేటప్పుడు అల్మారాలోంచి ఆ తెల్లగుడ్డను తీయించి నాకు ఇచ్చారు. ఆ వానాకాలంలోనే ఆమె పోయారు.

ఇప్పుడు నేను కరీంనగర్ దగ్గర ఒక బడిలో అదే సైన్సు చెబుతున్నాను. పేపరు ముక్కతో పని లేదు, ప్రపంచంలో ఏ పట్నం గాలి ఈ గంటలో ఎట్లుందో ఫోను రంగులేసి చూపిస్తుంది. పిల్లలు లాహోర్‌ను, ఢిల్లీని, బీజింగ్‌ను వేలితో జరుపుతూ పోల్చుకుంటారు. వాళ్లలో ఎవరో ఒకరు ప్రతి ఏడాదీ అదే అడుగుతారు, మా ఊరేది టీచర్ అని. వాళ్ల ఊరు ఆ ఫోనులో ఉండదు. లేదంటే మంచిగున్నట్టు కాదు, అక్కడ ఎవరూ కొలవలేదన్నట్టు అని చెబుతాను. మంచి నంబరు చూపించిన ఊరినైనా, గుడ్డ ఎక్కడ కట్టారు, ఎవరి ముక్కు దగ్గర కట్టారు అని అడగమంటాను. నా పిల్లలను, నాకు బాగా తెలిసినవాళ్లను కూడా మూడో ప్రశ్న అడగకుండా వదలను. అందుకు నాకు కొంచెం చెడ్డపేరే ఉంది.

మొన్న దుకాణంలో లైనింగు గుడ్డ కొనలేదు. మీటరు నల్లగుడ్డ చింపించుకుని వచ్చాను, బడిలో గాలి పాఠానికి వాడే పాతది చిరుగుపట్టింది. ఆ పాఠం రోజున టీచర్ ఇచ్చిన గుడ్డను, ఇంకో నాలుగు ఊళ్ల మాసిన గుడ్డలతో కలిపి బల్ల మీద పరుస్తాను. వీటిలో ఏ గాలి మంచిదో చూపించమంటాను. ఈ మూడేళ్లలో ఒక్క పిల్లా తడబడలేదు. అందరి వేళ్లూ ఆ తెల్లగుడ్డ మీదికే పోతాయి. నేను కాసేపు వాళ్ల వేళ్లను అక్కడే ఉండనిస్తాను. తర్వాత, నేనూ ఒకప్పుడు మా బాపుకు దీన్నే చూపించాను అని చెప్పి, సాంచాల నడుమ ఒక్క పూట కట్టి తెచ్చిన నల్లగుడ్డ తీస్తాను.